గీత దాటని తుపాకీ

అక్క శనివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "వెర్లిన్, కుక్క రాత్రంతా మూలుగుతూనే ఉందిరా. తిండి ముట్టి మూడ్రోజులైంది. ఇంక చూళ్లేను. తుపాకీ తీసుకుని రా."

మా అక్క ఆర్డిస్ కెనడా వాణ్ని చేసుకుని, మా సరస్సులోనే ఒక దీవిలో స్థిరపడింది. నా రేవులో నిలబడితే ఆమె ఇంటి పొగ కనిపిస్తుంది. మధ్యలో మైలున్నర నీళ్లు, ఆ నీళ్లలో ఎవరి కంటికీ కనపడని గీత. ఇవతల మిన్నెసోటా, అవతల ఒంటారియో. బావ పోయాక, తనకు లైసెన్సు లేదని ఆయన తుపాకులన్నీ పోలీసులకు అప్పగించేసింది. అక్టోబరు కదా, చుట్టుపక్కల దీవులకి వేసవిలో వచ్చే వాళ్లంతా తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. పశువుల డాక్టరు మంగళవారం గానీ రాడు. అక్క కుక్క బోస్కో తుంటి ఎముకలో లేచిన కణితి మంగళవారం దాకా ఆగేలా లేదు.

నాకొక జబ్బుంది, అన్నీ చట్టప్రకారం చెయ్యడం. చప్పుడు కాకుండా వెళ్లి పని ముగించుకుని వచ్చేస్తే చూసేవాడెవడూ లేడు. అయినా తుపాకీ ఖాళీ చేసి, సంచిలో పెట్టి జిప్పు లాగి, తూటాలు వేరే డబ్బాలో వేశాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కెనడా వాళ్ల తుపాకీ ఫారం మూడు ప్రతులూ నింపి, సంతకాలు కూడా పెట్టేసి, గంటసేపు పడవ నడిపి వాళ్ల తనిఖీ రేవుకు చేరాను.

అక్కడి అధికారి నా కూతురి వయసు పిల్ల. ఫారం చూసి పెదవి విరిచింది.

"సంతకం ముందే పెట్టేశారేంటండీ? నా ఎదురుగా పెట్టాలి. ఇది చెల్లదు."

"ఇంకోటి ఇవ్వమ్మా. నీ ఎదురుగానే గీకుతాను."

మళ్లీ మూడు ప్రతులు నింపాను.

"కారణం దగ్గర 'కుక్క' అని రాశారు," అంది.

"అవును, కుక్కే. బాధపడుతోంది."

"వేటకా, పోటీకా, అడవి జంతువుల నుంచి రక్షణకా? కుక్కని చంపడానికని ఇందులో లేదండీ."

"అయితే వేట అని రాసుకో."

"ఇప్పుడేగా నిజం చెప్పారు. తెలిసీ అబద్ధం ఎలా రాయనండీ?"

ఆమె అన్నది న్యాయమే, అందుకే నాకు ఒళ్లు మండింది. పై అధికారిని అడుగుతానంది. ఆయన సోమవారం వస్తాడట. పళ్లు నూరుకుంటూ పడవ మావైపు తిప్పాను.

సంగతి చెప్పగానే అక్క ఫోన్లో గయ్యిమంది. "అరవై ఏడేళ్లొచ్చాయి, ఒక్క అబద్ధం ఆడ్డం చేతకాదేంట్రా నీకు? చిన్నప్పుడు అమ్మ దగ్గర నా మీద చెప్పినన్ని ఎక్కడికి పోయాయి?"

"దొరికితే పడవా తుపాకీ రెండూ పోతాయక్కా."

"సరే. నీ తుపాకీ గీత దాటదు. కుక్క దాటుతుందిగా. కొంగల రాయి దగ్గరికి రా."

కొంగల రాయి గీతకు మావైపున ఉన్న బోడి దిబ్బ. నేను వెళ్లేసరికే అక్క పడవ అక్కడుంది. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ఆ కుక్కను బొంతలో చుట్టి ఒంటరిగా రేవు దాకా ఈడ్చుకొచ్చింది. అరచేతులు దోక్కుపోయాయి. ఒళ్లో ప్లాస్టిక్ కవరు.

"అదేంటి?"

"బోస్కో టీకా కాగితం. దారిలో ఎవడైనా ఆపితే? చట్టం నీ ఒక్కడికే తెలుసనుకున్నావా?"

"దిగే ముందు మావైపు సరిహద్దు అధికారులకి ఫోన్ చేసి చెప్పాలక్కా."

"చేసే వచ్చాను. నోర్ముయ్, అటువైపు పట్టుకో."

ఇద్దరం దాన్ని రాతి మీదికి ఎత్తాం. ఎత్తిన ప్రతిసారీ అరిచింది. తన గుమ్మంలో, తన చాప మీద కళ్లు మూయాల్సినదాన్ని, నేను గీత దాటలేక అలల మీద మైలు దూరం కుదిపించాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సంచి జిప్పు లాగాను. ఆ చప్పుడుకి బోస్కో తల ఎత్తింది. తొమ్మిదేళ్లపాటు ప్రతి శరత్కాలంలో మావైపు వేటకి వచ్చేది, ఆ చప్పుడంటే దానికి బాతుల వేటే. నేల మీద పడ్డ బాతును పంటి గాటు లేకుండా తేవడం దానికి నేర్పింది నేనే. ముందు కాళ్లు రాతికి తన్ని లేవబోయింది. వెనక కాళ్లు రాలేదు. తోక మాత్రం రాతి మీద టపటపా కొట్టుకుంది.

"వేటకనుకుంటోందిరా," అంది అక్క. "ముందు ఒకటి పైకి పేల్చు. అలాగే అనుకోనీ."

రెండు తూటాలు ఎక్కించి మొదటిది గాల్లోకి పేల్చాను. బోస్కో మూలుగు ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకుని, మెడ సాచి, నీళ్ల మీద ఆకాశమంతా వెతకసాగింది. బాతు ఎక్కడ పడుతుందా అని అది ఇంకా పైకే చూస్తుండగా, రెండోది దాని చెవి వెనక పేల్చాను.