ప్రతి మాట కిందా సమాధిరాయి

"ఇవాళ ఏదో ఒకటి జరుగుతుందే. లేచినప్పట్నుంచీ నా గుండె కుదురుగా లేదు."

"అమ్మా, నేనింకా పళ్ళు కూడా తోముకోలేదు," అంది కూతురు బ్రష్షు చేత్తో పట్టుకుని.

"తోముకునేదాకా ఆగి జరగాలని రూలేమన్నా ఉందా?"

కూతురు నవ్వేసి నీళ్ళ గదిలోకి పోయింది. తల్లి మాత్రం స్టవ్ కట్టేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకుంది, తలుపు గడియ లాగి చూసింది, కూతురి కుడి మణికట్టుకి కట్టే పట్టీ ఎక్కడుందో వెతికి బల్ల మీద పెట్టింది. ఆవిడ భయాల్లో నూటికి తొంభై తొమ్మిది ఉత్తుత్తివే. ఆ మంగళవారం నాటిది మాత్రం నిజమైంది, అదీ ఆవిడ కలలో కూడా భయపడని వైపు నుంచి.

వాళ్ళది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కూతురు పని చేసుకునే గదికి ఒకే ఒక్క కిటికీ. తెరిస్తే పక్క బిల్డింగు గోడ, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. ఆ గోడని చూస్తూ కూతురు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంటర్నెట్లో పన్నెండు మంది మనుషులుగా బతికేది. ఒక ఫోరంలో బైకుల పిచ్చి ఉన్న కుర్రాడు, ఇంకో ఫోరంలో మొక్కలు పెంచే రిటైరైన మేష్టారు, మరో దాంట్లో నడుం నొప్పి మనిషి. ఈ పన్నెండు మందీ పదిమందితో కబుర్లు చెప్పాలి. చెప్పిన ప్రతి కబురు కిందా సంతకం లైను ఒకటి దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ లైనులో ఏదో ఒక దుకాణం లింకు. అలాంటి లింకులు ఎన్ని ఎక్కువుంటే ఆ దుకాణం సెర్చిలో అంత పైకి ఎగబాకుతుందని కంపెనీ నమ్మకం.

"అంటే నువ్వు మాట్లాడేది ఎవరికీ అక్కర్లేదు, కింద ఉన్న లైను కావాలన్నమాట," అని తల్లి మొదట్లో అడిగింది.

"అంతే. నేను రాసింది మనుషులు చదవకపోయినా ఫరవాలేదు. మెషీను చూస్తే చాలు."

ఎనిమిదో తరగతితో ఆగిపోయి, ఇరవై ఏళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టిన మనిషికి ఇది బొత్తిగా మింగుడు పడలేదు. కానీ కూతురి మణికట్టు వాచిపోయి, డాక్టరు చేతికి విశ్రాంతి కావాలన్నాక, పన్నెండు మందిలో ఒకరిని తల్లి తీసుకుంది. అది కొత్తగా తల్లులైన వాళ్ళ ఫోరం. అక్కడ కంపెనీ పెట్టిన పేరు "నిశ్చింత". కూతురు ఆ పేరు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "ప్రపంచంలో నీకు తప్ప ఇంకెవరికైనా సరిపోయేదే!"

నిశ్చింత రోజుకి పది కబుర్లు రాయాలి. కింద లైనులో ఉయ్యాలలు అమ్మే దుకాణం.

మొదటి వారంలోనే ఒక పిల్ల తగిలింది. పేరు "కిటికీపిట్ట". బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఈ పిల్ల పగలంతా వార్డు బయట కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని ఫోనులో రాసేది. "పిన్నీ, ఇవాళ పది గ్రాములు తగ్గింది. నాకు భయంగా ఉంది."

భయమంటే ఏమిటో ఈవిడకి చెప్పాలా? కానీ వేళ్ళు మాత్రం వేరే రాశాయి. "తగ్గుతుంది, పెరుగుతుంది, అది మామూలే తల్లీ. నా కూతురు ఎనిమిదో నెలలో పుట్టింది. పిల్లి పిల్లంత ఉండేది. ఇప్పుడు నా మీదే నోరు చేసుకుంటుంది."

అలా నెలన్నర, నాలుగు వందల కబుర్లు. పన్నెండు వందల యాభై గ్రాముల దగ్గర మొదలై పద్దెనిమిది వందల పది దాకా వచ్చింది బిడ్డ. ఈవిడ ప్రతి గ్రామునీ కూతురికి చెప్పేది. సోమవారం నాడు ఆ పిల్ల రాసింది: "పాపకి జ్వరం వచ్చింది పిన్నీ. డాక్టరమ్మ నా మొహం చూడకుండా వెళ్ళిపోతోంది."

"ఏమీ కాదు," అని రాసింది నిశ్చింత. రాసి, వంటింట్లోకి పోయి, ఖాళీ గిన్నె కడుగుతూ ఏడ్చింది.

మంగళవారం పదింటికి సూపర్‌వైజర్ ఫోను చేశాడు. ఉయ్యాలల వాళ్ళు మానేశారు, ఆ లైను తీసేసి కొత్త పార్టీది పెట్టమన్నాడు. కూతురు ఎడం చేత్తో, కంపెనీ పంపిన జాబితాలోంచి ఎత్తి, నిశ్చింత పేరు కింద గబగబా అతికించేసింది. ఏం అతికించిందో చదవలేదు. ఆ ఉద్యోగంలో ఎవరూ చదవరు.

తల్లి పదిన్నరకి జ్వరం సంగతి కనుక్కుందామని ఫోరం తెరిచింది. నిన్నటి తన మాట కనిపించింది: "ఏమీ కాదు తల్లీ, పాప చల్లగా ఉంటుంది." దాని కింద: "మీ ఆత్మీయులకి నిలిచిపోయే గుర్తు. సమాధి రాళ్ళు, తక్కువ ధరకి."

ఆవిడ పేజీ పైకి జరిపింది. మొన్నటి మాట కింద కూడా అదే. మొదటి రోజు రాసిన మాట కింద కూడా అదే. లైను ఒకచోట మారిస్తే పాతవన్నీ మారిపోతాయి. నాలుగు వందల ఓదార్పులు, నాలుగు వందల సమాధిరాళ్ళు.

"ఏమే! తియ్యి! ముందు తియ్యి దాన్ని!"

కూతురు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తీయబోయింది. తెర మీద ఎర్రగా వచ్చింది: సంతకం లైను ఏడు రోజులకి ఒకసారే మార్చవచ్చు.

"ఇదేం చోద్యమే?"

"మా లాంటి వాళ్ళ కోసమే పెట్టారమ్మా ఆ రూలు. రోజుకో దుకాణం మారుస్తున్నామని."

"అయితే ఆ పిల్లకి రాస్తాను, అది నా పని కాదని."

"రాయి. నువ్వు రాసిన దాని కింద కూడా అదే వస్తుంది."

తల్లి కీబోర్డు మీద పెట్టిన చేతులు వెనక్కి తీసుకుంది. క్షమించమని రాస్తే కింద రాయి. పాప ఎలా ఉందని అడిగితే కింద రాయి. వేరే పేరుతో రాద్దామంటే ఆ పిల్లకి తెలిసిన పేరు ఇదొక్కటే. అసలు సంగతి చెప్పేద్దామంటే, కంపెనీ మనిషినని నోరు జారిన వాళ్ళని ఆ రోజే ఇంటికి పంపిస్తారు. అద్దె, మందులు, కరెంటు అన్నీ కూతురి ఆ వాచిన చెయ్యి మీదే నడుస్తున్నాయి.

బుధవారం కిటికీపిట్ట రాయలేదు. గురువారం రాయలేదు. తల్లి పదిహేను నిమిషాలకోసారి వచ్చి కూతురి కుర్చీ వెనక నిలబడేది.

"చూసింది. చూసే ఉంటుంది. పాపకి ఏమన్నా అయితే నా నోటి వల్లే అయిందనుకుంటుంది."

"అమ్మా, నిలబడకు, నాకు ఊపిరాడట్లేదు."

"నాకు మాత్రం ఆడుతోందా?"

నిజానికి ఆ గదిలో ఇద్దరికీ ఆడటం లేదు. కిటికీ తెరిచే ఉంది. గోడ కనిపిస్తోంది. శుక్రవారానికి తల్లికి ఆ గోడ మీద ఇటుకల వరసలు కంఠతా వచ్చేశాయి.

శనివారం మధ్యాహ్నం సూపర్‌వైజర్ మళ్ళీ చేశాడు. కూతురు స్పీకర్ పెట్టింది.

"ఫోరం పని ఆపేస్తున్నాం. ఆ సంతకాల లింకులు సెర్చిలో లెక్కలోకే రావట్లేదట."

"ఎప్పట్నుంచి సార్?"

"ఎప్పట్నుంచో. ఆ ఫోరాలవాళ్ళే ప్రతి లైనుకీ, సెర్చి దీన్ని పట్టించుకోవద్దని లోపల గుర్తు పెట్టేశారట. మనకి ఇప్పుడు తెలిసింది."

"అంటే మేం రాసినవన్నీ..."

"సున్నా. సాయంత్రంలోగా అన్నీ మూసెయ్యండి. సోమవారం నుంచి వేరే పని ఇస్తా. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, మన కంపెనీ సంగతి ఎక్కడా బయటికి పొక్కకూడదు."

ఫోను పెట్టేశాక కూతురు చాలాసేపు పట్టీ మీద దారం పోగులు పీకుతూ కూర్చుంది. ఏడాదిన్నర. చెయ్యి పాడైంది. ఒక్క దుకాణం ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు.

"మూసెయ్యకే," అంది తల్లి. "ఇప్పుడు మూసేస్తే ఆ పిల్లకి నేను చెప్పిన ఆఖరి మాట ఆ రాయే అవుతుంది."

"ఏం చేద్దామంటావు?"

తల్లి పక్క కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. "తల్లీ, నా పేరు నిశ్చింత కాదు. నా అంత భయస్తురాలు ఈ భూమ్మీద లేదు. కింద ఆ లైను దుకాణాల కోసం పెట్టేది. దాని కోసమే నన్ను ఇక్కడికి తెచ్చారు. మంగళవారం అది మారింది, చదవకుండా మార్చాం. ఇంకో మూడు రోజుల దాకా తీయడానికి లేదు. ఇప్పుడు కూడా దీని కింద అదే కనిపిస్తుంది, చూడకు. పైన రాసినవి మాత్రం నావే. నా కూతురు ఎనిమిదో నెలలో పుట్టిన మాట నిజం. అప్పుడు నేనూ రోజూ ఏడ్చాను, నీకు చెప్పలేదు. పాప ఎలా ఉందో ఒక్క మాట చెప్పు. తిట్టి చెప్పినా సరే."

రాసి, చెయ్యి గాల్లోనే ఆపేసింది. "నీ ఉద్యోగం పోతుందేమోనే."

కూతురు తెర వైపు వంగి, మొత్తం చదివింది. ఈసారి కింది లైనుతో సహా చదివింది. ఎడం చేత్తో తనే పంపించింది.

పావుగంటలో తిట్లు మొదలయ్యాయి. "ఇన్నాళ్ళూ మా ఏడుపుల కింద అంగడి పెట్టారన్నమాట" అని ఒకావిడ. "సిగ్గు లేదూ" అని ఇంకొకావిడ. తల్లి ప్రతి ఒక్కటీ చదివింది, కళ్ళు తిప్పుకోలేదు. తర్వాత ఫోరం చూసుకునే ఆవిడ రాసింది: "ఐదింటికి ఈ పేరు తీసేస్తున్నాను. అప్పటిదాకా ఉంచేది ఆ అమ్మాయి కోసం, మీ కోసం కాదు."

"ఎంతైంది?"

"మూడున్నర."

"ఇప్పుడు?"

"మూడు ముప్పై రెండు. అమ్మా, నువ్వు అడిగితే గడియారం పరిగెత్తదు."

నాలుగైంది. నాలుగుంబావు అయింది. టీ పెట్టుకున్నారు, ఎవరూ తాగలేదు. కూతురు నెమ్మదిగా అడిగింది, "నేను పుట్టినప్పుడు రోజూ ఏడ్చావా? నాకెప్పుడూ చెప్పలేదే."

"నువ్వు భయపడతావని."

నాలుగూ నలభైకి తెర కదిలింది. కిటికీపిట్ట.

తల్లి కళ్ళు గట్టిగా మూసుకుంది. "నువ్వు చదువు. నా వల్ల కాదు."

కూతురు చదివింది. "మంగళవారమే చూశాను. చూసి ఫోను సంచిలో పడేశాను, మళ్ళీ తీయలేదు. మీ మీద చాలా కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా పోలేదు. పాపకి జ్వరం తగ్గింది. పద్దెనిమిది వందల డెబ్భై గ్రాములు. వచ్చే వారం ఇంటికి తీసుకెళ్ళమన్నారు. పిన్నీ, ఇదివరకు మీ మాటల కింద ఒక ఉయ్యాలల దుకాణం ఉండేది కదా, దాని పేరేంటి?"