అండం విదిల్చిన రెండు ముక్కలు

నిన్న పోయిందన్నారు. ఇవాళ ఉందంటున్నారు. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో టైలరు మాస్టారికి అంతుబట్టలేదు.

నిజానికి పోయిందన్నది ఆయనే. నిన్న పొద్దున కోటుకి చేతులు అతికిస్తుండగా ఆసుపత్రి ల్యాబు నుంచి ఫోను వచ్చింది. అండం బయటికి తోసేసిన మొదటి ముక్కలో ఒక క్రోమోజోము పోగు ఎక్కువుందట, రెండో ముక్క కూడా చూసి చెబుతారట. మాస్టారు మొదటి మాట దగ్గరే ఆగిపోయాడు. కత్తిరించగా మిగిలిన గుడ్డను మూటగట్టి బట్టతోపాటు ఇచ్చేయడం ఆయన అలవాటు. ఆ మూట విప్పి చూస్తే చాలు, బట్టలో ఎక్కడ కొలత తగ్గిందో చెప్పేస్తాడు. ముక్కల్లో ఎక్కువ పడిందంటే బట్టలో తక్కువైనట్టే. లోపలి గదిలో బొత్తాలు కుడుతున్న భార్య దగ్గరికి వెళ్లి, "పోయిందే" అన్నాడు. సాయంత్రం చూస్తే చొక్కా బొత్తాలన్నీ కాజాల వైపే కుట్టి ఉన్నాయి.

ఆమెకి నలభై దాటాయి. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగ్గా చేతికందిన ఒకే ఒక్క అండం అది. ఇంకో ప్రయత్నానికి ఒళ్లు సహకరించదని డాక్టర్లు ముందే చెప్పేశారు.

ఇవాళ మళ్లీ ఫోను. అండం బాగానే ఉంది, పిండం కట్టింది, మధ్యాహ్నమే లోపల పెట్టేద్దాం, ఇద్దర్నీ రమ్మని. మాస్టారు చేతికి చుట్టుకున్న టేపుతోనే బయల్దేరాడు.

ల్యాబు డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గాని నిదానస్తురాలు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"క్రోమోజోము అంటే ప్రోటీన్ల మీద చుట్టుకున్న పోగు మాస్టారూ. ప్రతి పోగుకీ అచ్చం దానిలాంటిదే ఇంకోటి అంటుకుని ఉంటుంది. అక్కాచెల్లెళ్లనుకోండి. అండంలో ఒక్కో రకానికి ఇలాంటి జంటలు రెండు. అంటే నాలుగు పోగులు. చివరికి అందులో మిగలాల్సింది ఒక్కటే."

"మిగతా మూడూ?"

"బయటికి పోవాలి. మొదటి విడతలో ఒక జంట. రెండో విడతలో, ఉన్న జంట విడిపోయి అందులోంచి ఒకటి. వాటిని మోసుకుపోయే ముక్కల్నే మేం పరీక్ష చేసింది."

"జంటని పట్టి ఉంచేదేమిటి?"

"ఉంగరాల్లాంటి ప్రోటీన్లు. మొదటి విడతలో పొడవునా ఉన్న ఉంగరాలు తెగిపోతాయి. నడుం దగ్గరివి మాత్రం తెగకుండా ఇంకో ప్రోటీను కాపలా కాస్తుంది. రెండో విడతలో ఆ కాపలా లేచిపోతుంది. అప్పుడు విడిపోతారు."

"తర్వాత విప్పేసే కచ్చా కుట్టన్నమాట" అన్నాడు మాస్టారు, దారి దొరికినట్టు.

"ఆవిడని చెప్పనివ్వండి" అంది భార్య.

"ఆ ఉంగరాలు వేసిందెప్పుడో తెలుసా? ఇదిగో, ఈ అక్క వాళ్లమ్మ కడుపులో ఉన్నప్పుడు" అంది డాక్టరమ్మ, ఆయన భార్యను చూపిస్తూ. " మళ్లీ కొత్తవి పడవు. ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతాయి. కాపలా కూడా పలచబడుతుంది."

"మా అత్తగారి చేతికుట్టా! ఇన్నాళ్లాగిందంటే గొప్పే."

"మా అమ్మ జోలికి రాకండి. మీ అమ్మ కుట్టిన మనిషి రోజుకి నాలుగు మాటలు కలిపి మాట్లాడడు, మాట్లాడితే ఇదీ వరస."

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "ఇక్కడ ఒక జంట వేళకు ముందే విడిపోయింది. అందులో ఒకతి, బయటికి పోతున్న జంట వెంటపడి పోయింది. అందుకే మొదటి ముక్కలో మూడు. అండంలో ఒక్కతే మిగిలింది. రెండో విడతలో ఆ ఒక్కతీ బయటికైనా పోవచ్చు, లోపలైనా ఉండొచ్చు. పోలేదు. రెండో ముక్కలో ఆ రకం పోగే లేదు."

మాస్టారి మొహం ముడుచుకుపోయింది. "మొదటి ముక్కలో ఎక్కువ, అది తప్పు. రెండోదాంట్లో అసలు లేదు, అదీ తప్పు. రెండు తప్పులు కలిసి ఒప్పెలా అవుతుందమ్మా? ఒక చెయ్యి పొట్టి చేసి, రెండోదీ పొట్టి చేస్తే, చేతులు రెండూ ఒకే కొలతవుతాయి గాని చొక్కా పడుతుందా?"

"చొక్కా సంగతి వదిలెయ్యండి" అంది భార్య. "మూడు పోవాలి, ఒకటుండాలి. మూడూ ఒకే బస్సెక్కి పోయాయి. రెండో బస్సు ఖాళీగా పోయింది. ఇంట్లో ఉండాల్సింది ఇంట్లోనే ఉంది. ఇందులో తిరకాసేముంది?"

"అంతే అక్కా" అంది డాక్టరమ్మ.

మాస్టారు వేళ్లు మడిచి మళ్లీ లెక్కేశాడు. లెక్క కుదిరింది. మనసే కుదరలేదు. "రెండో ముక్కలో లేదంటున్నారు. ఉండీ మీకు కనబడలేదేమో?"

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "అడగాల్సిన మాటే. మిగతా రకాలన్నీ అందులో ఒక్కొక్కటీ ఉన్నాయి. ఇదొక్కటే లేదు. మళ్లీ చూసినా అంతే. అయినా తప్పే ఉండదని నేననను. లోపల పెట్టాక నిలుస్తుందనీ అనను."

"మరి ఆ ఒక్కదాన్నీ లోపల నిలబెట్టిందెవరు?"

"ఎవరూ కాదు. అలా పడింది."

అదే ఆయనకు మింగుడుపడలేదు. పాడైన కుట్టు ఎందుకు పాడైందో ఆయనకు తెలుసు, విప్పి మళ్లీ వేస్తాడు. బాగా వచ్చిన బట్ట ఎందుకు బాగా వచ్చిందో తెలియకుండా ఏనాడూ ఎవరి ఒంటి మీదా వెయ్యలేదు. ఇది ఒంటి మీద వేసేది కూడా కాదు, ఒంట్లో పెట్టేది.

"వద్దే. ఆపేద్దాం" అన్నాడు.

భార్య ఆయన చేతికున్న టేపు వంక చూసింది. "నిన్న పోయిందన్నారు. సగం మాట విని వచ్చి చెప్పారు. ఏడ్చాను. ఇవాళ పూర్తి మాట విన్నాను. మీకు అర్థమయ్యేదాకా అది ఆగదండీ."

"నాకు అర్థం కాలేదని కాదు..."

"కాలేదు. కాకపోయినా ఊఁ అనొచ్చు."

గదిలో ఎక్కడో మిషను సన్నగా రొద పెడుతోంది. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది.

"ఊఁ" అన్నాడు మాస్టారు.

ఆమెను లోపలికి తీసుకెళ్లారు. వరండా బెంచీ మీద పక్కన కూర్చున్న పెద్దమనిషి పలకరించాడు. "ఏమన్నారండీ డాక్టరు?"

"తప్పు రెండుసార్లు జరిగిందటండీ. అందుకని బాగుందట."

పెద్దమనిషి ఓసారి ఎగాదిగా చూసి, కొంచెం అవతలికి జరిగాడు. మాస్టారికి ఆయన మీద కోపం రాలేదు. తనకే ఎవరైనా ఈ మాట చెబితే తానూ జరిగేవాడే.

కాసేపటికి భార్య నడుచుకుంటూ వచ్చింది. నీళ్లు నిండిన బిందె ఎత్తుకున్నట్టు అడుగులు వేస్తోంది.

"నొప్పి పుట్టిందా?"

"లేదు. వినండి. రెండు వారాల దాకా ఏదీ తెలీదు. అప్పటిదాకా ఉందనకండి, పోయిందనకండి. ఎవరు ఫోను చేసినా నాకివ్వండి."

ఆయన తలూపాడు. పుట్టి బుద్ధెరిగాక ఇన్ని ప్రశ్నలు ఒక్కసారిగా గొంతు దాకా రావడం ఆయనకు ఇదే మొదలు. ఒక్కటీ అడగలేదు. మెట్ల దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకోవాలో, వదులుగా పట్టుకోవాలో తెలియలేదు.