కాలిన పొర చీటీ

నేను ఒక అట్టచీటీని. అరచేతిలో సగం కూడా ఉండను. ఒక మూల చిల్లు, ఆ చిల్లులో పురికొస ముక్క. యొర్దాను నదికి పడమట, బైబిల్లోని యెహోషువ తన సేనతో నడిచాడని చెప్పుకునే నేలమీద, పాత ఊరు పూడిపోయిన ఒక పాటిదిబ్బ తవ్వకంలో నాకు ఉద్యోగం దొరికింది. బకెట్‌కు వేలాడుతూ, అందులోని కుండపెంకులు ఏ పొరలో దొరికాయో చెప్పడమే నా పని. చీటీ లేని పెంకు ఎంత అందమైనదైనా ఎందుకూ కొరగాదు. అంతంత పండితులు చివరికి నాబోటి అట్టముక్క మాట నమ్మి పుస్తకాలు రాస్తారంటే నాకు లోలోపల నవ్వొచ్చేది.

నా మీద పెన్సిలుతో "కాలిన పొర" అని రాసింది ప్రిస్కిల్లా. ఒంగోలు వైపు ఒక బైబిలు కళాశాల విద్యార్థిని. తన గురువు బర్నబాగారి వెంట వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లుగా బైబిలు నాటి భూగోళం, చరిత్ర చెబుతున్నారు. దిబ్బలో బూడిదతో నిండిన ఆ పొర యెహోషువ కాలానిదేనని ఆయన వాదన. రుజువేదని తోటి పండితులు ముప్పై ఏళ్లూ నవ్వుతూనే ఉన్నారు. ఆ ఏడాదితో ఆయన రిటైరవుతున్నారు.

ఆ ఉదయం ప్రిస్కిల్లా చేతుల్లో రెండు బకెట్లు. ఒకటి కాలిన పొరది. రెండోది, తరవాతెప్పుడో ఎవరో ఆ పొరను చీల్చుకుంటూ తవ్విన చెత్తగుంటది; అందులో దొరికింది ఏ కాలానిదైనా కావచ్చు, దేనికీ రుజువు కాదు. కడిగే తొట్టి దగ్గరికి మోసుకెళ్తుంటే ఆమె కాలు జారింది. బకెట్లు ఒలకలేదు గానీ ముడులు ఊడి, నేనూ, గుంట చీటీ ఇద్దరం కింద పడ్డాం. రెండు బకెట్లలోనూ ఒకే రకం బూడిద మట్టి. వెనక మనుషులు తొందరపెడుతున్నారు. ఆమె గబగబా నన్ను ఒక బకెట్‌కూ, దాన్ని ఇంకో బకెట్‌కూ కట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం పెంకులు కడిగి బల్లమీద పరిచారు. నా కుప్పలో నల్లగీతల రంగు పెంకు ఒకటి బయటపడింది. తవ్వకానికి పెద్ద అయిన తెల్లాయన దాన్ని ఎత్తి చూశాడు. నన్ను చదివాడు. మళ్లీ దాన్ని చూశాడు. బర్నబాగారు చెప్పే కాలానికి అచ్చంగా సరిపోయే పెంకు. తెల్లాయన లేచొచ్చి బర్నబాగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"చూశావా తల్లీ! పద, కాలేజీకి ఫోన్ చేద్దాం," అన్నారు బర్నబాగారు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

ప్రిస్కిల్లా ముఖం పాలిపోయింది. చెబితే ఆయన ముప్పై ఏళ్ల ఆశ పోతుంది, తన చదువు కూడా పోవచ్చు. చెప్పకపోతే నేను పుస్తకాల్లోకి ఎక్కేస్తాను. నాకు ఊపిరాడలేదు. అట్టముక్కకు ఊపిరేమిటని నవ్వకండి.

"అయ్యగారూ, ఫోన్ చెయ్యబాకండి."

"ఏమ్మా?"

"పొద్దున చీటీలు ఊడిపోయినయ్యండి. ఏది దేనిదో నాకు తెలవదు. అందాజుగా కట్టేశా."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నన్ను చేతిలోకి తీసుకున్నారు.

"ఇంకెవరికన్నా చెప్పావా?" అని గొంతు తగ్గించి అడిగారు.

"లేదండి."

ఆ క్షణంలో నేను ఆయన్ని అనుమానించాను. ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన పెన్సిలు తీశారు. "కాలిన పొర"ను కొట్టేసి, కింద "ఎక్కడిదో తెలియదు" అని రాసి, సంతకం పెట్టారు. నన్నూ పెంకునూ పట్టుకుని తెల్లాయన వైపు నడిచారు.

"మనోళ్లకేం చెప్తారయ్యగారూ?" ప్రిస్కిల్లా ఏడుస్తూ వెంటపడింది.

"ఇదే చెప్తా. తెలవదని."

ఇప్పుడు నేనూ ఆ పెంకూ ఒక మ్యూజియం గిడ్డంగిలో ఒకే పెట్టెలో ఉన్నాం. ఏ పుస్తకంలోనూ మా ఊసు లేదు. బర్నబాగారు రుజువు లేకుండానే రిటైరయ్యారు. ఆ రోజు బల్లమీద నేను అరవాలని ఎంత గింజుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ముడి ఊడకముందు నేను ఏ బకెట్‌కు వేలాడానో నాకు తెలుసు కదా. ఆమె నన్ను తిరిగి కట్టింది ఆ బకెట్‌కే.