కళ్ళద్దాల పాట ఎవరిది?

మా తమ్ముడు సినిమా పాటలు రాస్తాడు. లాలిపాట రాసినప్పుడు వాడు పిల్లల్ని కన్నాడని ఎవరూ అనుకోలేదు. దొంగల ముఠాకు రాసినప్పుడు పోలీసులూ రాలేదు. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకునే సినిమాకు ఒక్క పాట రాశాడో లేదో, ఊరంతా వాడి గుట్టు పట్టేసినట్టు గుసగుసలు మొదలెట్టింది. నా టైలరింగ్ షాపుకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కూడా చేతులెత్తి నిలబడే ఆరా తీసేవారు.

"ఏమండీ, మీ తమ్ముడు... అదేనా?"

"ఏదీ? ముందు ఊపిరి వదలండి, నడుము కొలత తప్పొస్తుంది," అని టేపు ఇంకాస్త బిగించేదాన్ని.

నవ్వి ఊరుకుందామంటే వాడికి పెళ్ళి కుదిరి ఉంది. పిల్ల నర్సు. ఇద్దరూ ఒకరంటే ఒకరు పడి చస్తారు. కానీ వాళ్ళ నాన్న సరేననందే పెళ్ళి లేదని ఆ పిల్ల పట్టు. ఆయనేమో పశువుల డాక్టరు. నోరులేని జీవాల రోగం పట్టీ పట్టీ, నోరున్నవాళ్ళ మాట నమ్మడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆయన నేరుగా షాపుకే వచ్చాడు. తమ్ముడు అక్కడే ఉన్నాడు. మూల మిషను మీద, నాతో ఉండే ఆవిడ చొక్కా కుడుతోంది. లోకానికి ఆవిడ నా షాపులో భాగస్వామి. మేడమీద మా గదిలో మేమిద్దరం జంట. ఆ సంగతి తెలిసింది తమ్ముడికొక్కడికే. వాడూ ఎన్నడూ నోరెత్తి అనలేదు.

"బాబూ, అంతా ఊహించి రాశానంటున్నావట," అన్నాడు డాక్టరు. "చంద్రుడూ వెన్నెలా అయితే ఊహేలే అనుకుందును. 'చదువుతూ నేను నిద్రపోతే, కళ్ళద్దాలు తీసి, తుడిచి, చేతికందేచోట పెడతావు' అన్నావే, ఆ తుడవడం ఎక్కణ్ణుంచి వచ్చింది? చూసినవాడే రాయగలడు అది."

"చూశానండీ."

"ఎవరింట్లో?"

వాడు చెవులదాకా ఎర్రబడి, బల్లమీది టేపు చుట్టడం మొదలెట్టాడు.

"చెప్పలేనిదైతే ఈ పెళ్ళి ఇక్కడితో ఆపేద్దాం. మా అమ్మాయి గొంతు కోయకు."

"మీ ఇష్టమండీ," అన్నాడు వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వెధవ, నా కోసం పెళ్ళి వదులుకుంటాడట! అడిగానా నేను? కత్తెర బల్లమీద విసిరికొట్టాను.

"ఆ కళ్ళద్దాలు నావండీ. తుడిచిపెట్టేది ఈవిడ. మేమిద్దరం కలిసి బతుకుతున్నాం. వీడు మా ఇంట్లో చూసింది తీసుకెళ్ళి ఆ ఇద్దరు మగాళ్ళకు తొడిగాడు, అంతే. కుట్టినవాళ్ళే తొడుక్కోవాలని రూలుందా? ఎంతమంది మొగుళ్ళకు చొక్కాలు కుట్టాను, నాకు మొగుడున్నాడా?"

మిషను ఆగిపోయింది. ఆవిడ వైపు చూడ్డానికి నాకు భయమేసింది. మా ఇద్దరి సంగతి, ఆవిడను ఒక్క మాటైనా అడక్కుండా బయటపెట్టేశాను మరి.

డాక్టరు నన్నూ ఆవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. ఇహ లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. ఆయన కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"మరైతే... పెళ్ళయ్యాక మా అమ్మాయి మిమ్మల్ని వదినా అంటుంది. ఈవిణ్ణి ఏమని పిలవాలి?"

ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ వరస పెట్టి పిలవలేదు. షాపు మనిషి, మేడమీద మనిషి, ఫ్రెండు, అంతే. మా బంధువుల పెళ్ళిళ్ళకు నన్ను సాగనంపి గుమ్మంలోనే ఆగిపోయేది.

"మీ అమ్మాయికి ఏమవుతుందో వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు," అన్నాడు తమ్ముడు. "నాకు మాత్రం వదిన. ఎప్పుడూ మనసులోనే అనుకున్నాను, పైకి అనడానికి ధైర్యం చాల్లేదు." ఆవిడ వైపు తిరిగాడు. "ఏం వదినా, పెళ్ళికి వస్తావుగా?"

ఆవిడ చేతిలో ఉన్న చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేసింది. అదెవరో కస్టమర్ది, సాయంత్రానికి ఇవ్వాల్సింది. తడిస్తే తడిసింది, ఉతికి రేపిస్తాను.