బంకు దాకా నడిచిన నుయ్యి

బుల్లెమ్మ తెల్లారగానే పొయ్యి వెలిగిస్తుంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోసి, పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తుంది. పూతరేకు దానంతటదే లేచి వస్తుంది. ఆత్రేయపురం చుట్టుపక్కల ఇదేమీ వింత కాదు. ఆవిడ రేకు మాత్రం మరీ పలచన. అందులోంచి చూసి పేపరు చదవగలనంటాడు వాళ్లాయన వెంకన్న. ఆయన మామూలుగా పేపరు చదవగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

ఆ పలచదనమంతా పెరట్లో నూతి నీళ్లదే. ఈమధ్య ఆ నీళ్లకి పెట్రోలు వాసన పట్టింది. రోడ్డు మీదున్న వెంకటరాజు గారి బంకులో భూమిలో పాతిన ట్యాంకు కారుతోందని రాజుగారికి తప్ప ఊరందరికీ తెలుసు. మొదట చేదలో నీళ్ల మీద రంగులు తేలాయి. ప్రెసిడెంటు గారు వచ్చి చూసి, బాగున్నాయన్నారు. తరవాత రేకు తీస్తుంటే కుండ మీద నీలిమంట లేచింది. మండపేట నుంచి వచ్చి రేకులు కొనే సత్యప్రసాద్ ఒకటి నోట్లో పెట్టుకుని, గోడ వెనక్కి వెళ్లి ఊసి వచ్చి, ఇంకోసారి ఇలాగే ఉంటే తను రానని మర్యాదగా చెప్పాడు. బుల్లెమ్మకి వేరే పని రాదు.

ఆవిడ బంకుకి వెళ్లి అడిగింది. రాజుగారు కుర్చీలోంచి లేవలేదు.

"ట్యాంకు భేషుగ్గా ఉందమ్మా. మీ ఆయన బండి తుడిచిన గుడ్డతో రేకులు తీస్తున్నావేమో, ఇంటికెళ్లి చూసుకో."

రేకులు తీసే మనిషిని ఏమన్నా అనొచ్చు గానీ గుడ్డని అనకూడదు. బుల్లెమ్మ ఆ మంట మీదే జిల్లా ఆఫీసులో ఫిర్యాదు పెట్టి వచ్చింది.

నీళ్లు పరీక్ష చేయించడానికి రాజేంద్ర అనే ఆఫీసరు వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఫోను మాట్లాడుతూనే సీసా అందించి, నీళ్లు పట్టి తెమ్మన్నాడు. బుల్లెమ్మ చేద నూతిలో వేసింది, పైకి లాగింది, వాసన చూసింది. ఇంటికొచ్చిన మనిషి చేతికి ఈ కంపు నీళ్లు ఎలా ఇస్తాం? లోపలికి వెళ్లి, కొనుక్కున్న మంచినీళ్ల టిన్నులోంచి సీసా నింపి, పైట చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

నీళ్లు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. రాజుగారు దాన్ని పెద్దది చేయించి బంకు గోడకి అంటించారు. ఊరు వారం రోజులు నవ్వింది. బుల్లెమ్మ ఎవరికీ ఎదురుపడలేకపోయింది.

నూతికి మాత్రం కోపం వచ్చింది.

మర్నాడు చూస్తే పెరటి కంచె అవతల ఉంది. ఆ పై రోజు రోడ్డెక్కింది. వెంకన్న పెరట్లో మిగిలిన గుంట ఎవరు పూడుస్తారని సణిగాడు. ఆటోలు పక్క నుంచి పోయాయి. బళ్లు గుద్దుకోకుండా ప్రెసిడెంటు గారు నూతి గట్టుకి సున్నం వేయించి, పక్కన నిలబడి ఫొటో దిగారు. తన గేటుకి అడ్డంగా ఆగినందుకు ఎదురింటి సంపూర్ణమ్మ దాన్ని కసురుకుంది. అది సాగి సాగి, బంకులోకి వెళ్లి రెండు పంపుల మధ్య ఆగింది.

పెట్రోలు కోసం వచ్చినవాళ్లు నూతిలోకి తొంగి చూసి, ముక్కు మూసుకుని, పక్కూరి బంకుకి పోయారు. రాజుగారు బుల్లెమ్మకి కబురు పెట్టి, నూతిని తీసుకుపొమ్మన్నారు.

"నేను పంపలేదండి," అంది బుల్లెమ్మ. "మీ సరుకు మీకు అప్పజెప్పడానికి వచ్చినట్టుంది."

రాజుగారు మండిపడి, నుయ్యి తన స్థలం ఆక్రమించిందని తనే ఆఫీసుకి ఫోను చేశారు. మళ్లీ రాజేంద్రే వచ్చాడు. నుయ్యి నడిచిన సంగతి ఏమీ అనలేదు. ఆక్రమణ రాసుకోవాలంటే లోపల ఏముందో కూడా రాయాలని సీసా తీశాడు. బుల్లెమ్మ చేదతో తోడింది. పుట్టి బుద్ధెరిగాక అతిథికి అలాంటి నీళ్లు ఇవ్వలేదు. ఊరంతా చూస్తోంది. రాజుగారు చల్లటి వాటర్ బాటిలు పట్టుకుని, సీసాలో ఇవి పొయ్యమంటూ అడ్డం రాబోయారు.

"ఏమనుకోకండి బాబూ," అంటూ బుల్లెమ్మ సీసా నిండా పోసింది. "మా నూతి నీళ్లు ఇవేనండి. మొన్న మీకు పోసినవి కొన్న నీళ్లు. సిగ్గుపడి అబద్ధం చెప్పాను."

రాజేంద్ర సీసా వాసన చూసి, దాన్ని తనకి దూరంగా పెట్టాడు.

బంకు మూతపడింది. ట్యాంకు పైకి తీస్తే అడుగంతా జల్లెడ. నల్లబడ్డ మట్టిని లారీలకెత్తారు. కింది నీళ్లు తోడి శుభ్రం చేసే మిషను ఒకటి పెట్టారు. అది ఇంకా మోగుతూనే ఉంది, ఎప్పటికి ఆగుతుందో ఎవరూ చెప్పరు. నీళ్లు కాస్త తేటపడ్డప్పుడల్లా నుయ్యి ఇంటివైపు ఒక అడుగు వేస్తోంది. అది ఇల్లు చేరేదాకా బుల్లెమ్మకి రోజూ మంచినీళ్లు అందించాలని రాజుగారికి ఆర్డరు వేశారు. ఆ టిన్నులు మోయడానికి పనివాళ్లెవరూ రాకపోవడంతో ఆయనే స్కూటరు మీద తెస్తున్నారు.

బుల్లెమ్మ ప్రతి టిన్ను మూత తీసి, నిదానంగా వాసన చూసి, అప్పుడు లోపలికి తీసుకుంటుంది. అంతసేపూ రాజుగారు గుమ్మం బయట నిలబడే ఉంటారు.