ఆఫీసుకు నడిచొచ్చిన కుక్క

రాయపూర్ స్టేషను వెనక తెలుగువాళ్ళ వాడలో పెళ్ళిపత్రికలు అచ్చు వేయించుకునే వాళ్ళంతా ముందు సుందరరావు కంటబడకుండా తప్పించుకోవాలని చూసేవాళ్ళు. ఇంగ్లీషులో తప్పు కనబడితే అతను దిద్దకుండా వదలడు. దిద్ది ఊరుకున్నా బాగుండేది, అదెందుకు తప్పో అరగంట చెబితే గాని అతనికి అన్నం సయించదు. ఒకసారి చర్చి నోటీసు బోర్డు మీద ఎవరో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాస్తే, వాటికి "చెప్పులు విడిచి పాస్టరుగారు మిమ్మల్ని ఆశీర్వదిస్తారు" అన్న అర్థం వచ్చింది. "విడవాల్సింది మనమా, పాస్టరుగారా?" అని సుందరరావు ఆరాధన ముగిసేదాకా కూడా ఆగలేక ప్రకటనల మధ్యలోనే లేచి అడిగాడు. పాస్టరుగారు పాపం, ఎందుకైనా మంచిదని తన చెప్పులు కూడా విడిచేశారు.

అతని తండ్రి గుడివాడ ప్రాంతం నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. సుందరరావు మాత్రం మిషన్ బడిలో నేర్చిన ఇంగ్లీషు పుణ్యమా అని ధాన్యం గోదాముల సర్కారీ ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. భార్య సుగుణ ఆసుపత్రిలో నర్సు.

ఎనభై ఆరులో ఆ ఆఫీసులో హెడ్ క్లర్కు పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి భోపాల్ పెద్దాఫీసు నుంచి పరీక్ష వచ్చింది. నూటికి అరవై వస్తే పాసు. పాసైనవాళ్ళలో ఎవరి సర్వీసు పాతదైతే కుర్చీ వాళ్ళది. ఫలితాలొచ్చాక చూస్తే ఒక్కరూ పాసు కాలేదు. సుందరరావుకి యాభై తొమ్మిది. అతని పక్క బల్ల సత్తిరాజుకీ యాభై తొమ్మిదే. సత్తిరాజు విజయనగరం వైపు మనిషి, సర్వీసులో అందరికన్నా పెద్ద. పరీక్ష హాల్లో ఫ్యాను గాలికి చివరి గంట హాయిగా నిద్రపోయాడు.

గోదాము రూల్సులోనూ లెక్కల్లోనూ పోయిన నలభై మార్కుల గురించి సుందరరావుకి ఏ దిగులూ లేదు. ఇంగ్లీషులో ఒక్కటి పోయింది. అది చాలు, నిద్ర పట్టకపోవడానికి.

"వాక్యంలో తప్పుంటే గుర్తించమన్నాడు," అని సుగుణతో చెప్పాడు. "'వాకింగ్ టు ది ఆఫీస్, ఎ డాగ్ బిట్ మీ.' నేను తప్పుందని రాశాను. భోపాల్ వాడు తప్పు లేదంటాడు!"

"ఏం, బాగానే ఉందిగా? ఆఫీసుకి వెళ్తుంటే కుక్క కరిచింది."

"ఎవరు వెళ్తుంటే?"

"మీరు."

"అది తెలుగులో, సుగుణా. ఇంగ్లీషులో ఆ నడక నాకు అతకలేదు, వెనకే వచ్చిన కుక్కకి అతికింది. అంటే కుక్క ఆఫీసుకి నడిచి వెళ్తోందన్నమాట!"

సుగుణ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఇంతకీ కరిచిందా లేదా? కరిస్తే ఇంజెక్షన్లు వేయించుకోవాలి. దానికి గ్రామర్ అక్కర్లేదు," అని డ్యూటీకి వెళ్ళిపోయింది.

సుందరరావు భోపాల్‌కి మూడు పేజీల అర్జీ పెట్టాడు. అందులో ఒక్క మాట కూడా ఉండవలసిన చోటు నుంచి జరగలేదు. అందువల్లనేమో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. స్థానికంగా విచారించి తేల్చమని రాయపూర్ ఆఫీసుకే తిప్పి పంపారు. మేనేజరు చౌబే సాబ్ అధ్యక్షుడిగా, అకౌంట్స్ ఆఫీసరూ హిందీ ఆఫీసరూ సభ్యులుగా ఒక కమిటీ కూర్చుంది. టీ, సమోసాలు వచ్చాక సుందరరావుని లోపలికి పిలిచారు. మాటలన్నీ హిందీలోనే నడిచాయి.

"కుక్క నడవదా?" అన్నారు చౌబే సాబ్.

"నడుస్తుంది సార్."

"మరి తప్పేముంది?"

"ఆఫీసుకి నడవదు సార్. కుక్కకి ఆఫీసులో ఏం పనుంటుంది?"

అకౌంట్స్ ఆఫీసరు సమోసా పక్కన పెట్టాడు. "ఎందుకు లేదూ? మన ఆఫీసుకి గోధుమరంగుది ఒకటి రోజూ వస్తోందిగా?"

కమిటీ ఒక్కసారి నిటారుగా కూర్చుంది. అంతవరకూ వాళ్ళకి ఈ వ్యవహారం ఏ కొసనా అందలేదు. ఇప్పుడు పట్టు దొరికింది.

"అది రావడం కాదు సార్, ఉండటమే ఇక్కడ. క్యాంటీన్ వెనక," అన్నాడు సుందరరావు. అనగానే తను వ్యాకరణం వదిలేసి కుక్క వెంట పడ్డానని తెలిసింది గానీ, అప్పటికే చౌబే సాబ్ గంట కొట్టారు.

కాపలావాడు ధనీరామ్ వచ్చి నిలబడ్డాడు.

"ఆ కుక్క ఎక్కడ పడుకుంటుంది?"

"రైసుమిల్లు దగ్గర సాబ్. పొద్దున పదింటికి ఇక్కడికొస్తుంది."

"నడిచేనా?"

ధనీరామ్ ముగ్గురు ఆఫీసర్లనీ ఎగాదిగా చూశాడు. "ఇంకెలా వస్తుంది సాబ్? నడిచే. ఒక్కోరోజు పదికి ముందే వచ్చేస్తుంది."

చౌబే సాబ్ ఎందుకో అకౌంట్స్ ఆఫీసరు వైపు చూశారు. ఆయన పదకొండుకి ముందు ఏనాడూ వచ్చి ఎరగడు.

"సార్, మన కుక్క సంగతి కాదు," అని సుందరరావు దాదాపు బతిమాలాడు. "వాక్యం రాసినవాడి ఉద్దేశం..."

"రాసినవాడు భోపాల్లో ఉన్నాడు. కుక్క ఇక్కడుంది. మనం సాక్ష్యాన్ని బట్టి పోవాలి," అన్నారు హిందీ ఆఫీసరు.

వారం తిరక్కుండా నివేదిక తయారైంది. కుక్క ఆఫీసుకు నడిచి రావడం అసంభవం కాదనీ, అలాగని ప్రతి కుక్కా వస్తుందని రూఢిగా చెప్పలేమనీ, కాబట్టి రెండు జవాబులూ ఒప్పుకోదగ్గవే గనక ప్రశ్న రద్దు చేసి పరీక్ష రాసిన అందరికీ ఒక మార్కు కలపాలనీ తేల్చారు. భోపాల్ వెంటనే ఒప్పుకుంది.

సుందరరావు సైకిలు మీద ఎగురుకుంటూ ఇంటికొచ్చాడు. "అరవై! సుగుణా, అరవై!"

సుగుణ విని, నవ్వబోయి ఆగింది. "అందరికీ అంటే... సత్తిరాజు గారికీ కలుపుతారా?"

సర్వీసులో సత్తిరాజే పెద్దన్న సంగతి సుందరరావుకి అప్పుడు గుర్తొచ్చింది. వాక్యంలో ఏ మాట దేనికి తగులుతుందో చూసే మనిషి, ఆ "అందరికీ" ఎవరెవరికి తగులుతుందో చూసుకోలేదు.

మర్నాడే సత్తిరాజు పేరున ఉత్తర్వు వచ్చింది. సాయంత్రం ఆయన దూద్ పేడాల పొట్లంతో వీళ్ళింటికొచ్చాడు.

"సుందర్రావూ, నీ రుణం తీర్చుకోలేనయ్యా! నిజం సెప్తన్నాను, ఆ ప్రశ్న ఉన్న పేజీ నాను తిప్పనేలేదు. అసలు ఏటి అడిగాడో కూడా నాకు తెల్దు!"

ఆ ముఖంలో దొంగతనం గాని వెటకారం గాని ఉంటే సుందరరావుకి కాస్త తేలికయ్యేది. రెండూ లేవు. నోటి నిండా పేడా ఉంది కాబట్టి తలూపాడు.

"ఒక్క మాట," అన్నాడు సత్తిరాజు లేవబోతూ. "పెద్ద ఉత్తరాలు ఇంగ్లీషులో రాయాలంట గదా? నువ్వే సూసుకోవాలి."

చూసుకున్నాడు. ఏడాది పొడుగునా సత్తిరాజు సంతకం పైన సుందరరావు వాక్యాలు భోపాల్ వెళ్ళాయి. హెడ్ క్లర్కు ఇంగ్లీషు బాగుందని పైనుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది. సత్తిరాజు దాన్ని అందరికీ చూపించి, "ఇది మా సుందర్రావుది," అని ఉన్నమాటే చెప్పాడు. అదేదో ఆయన పెద్దమనసని ఆఫీసంతా ఇంకోసారి మెచ్చుకుంది.

మరుసటి ఏడు ఇంకో హెడ్ క్లర్కు పోస్టు పడితే సుందరరావు మళ్ళీ పరీక్షకి కట్టాడు. ఈలోగా భోపాల్ నుంచి కొత్త సర్క్యులర్ దిగింది. ఇంగ్లీషు పేపరు వల్ల తగాదాలొస్తున్నందున దాన్ని తీసేసి హిందీ పేపరు పెడుతున్నారట. హిందీ సరిగ్గా రానివాళ్ళకి ఆఫీసులోనే సాయంత్రం క్లాసులు. చౌబే సాబే స్వయంగా చెబుతారు.

సుగుణ భయపడింది. "హిందీ మనకి బజారు వరకే వచ్చు. ఏం చేస్తారండీ?"

"నేర్చుకుంటాను," అన్నాడు సుందరరావు. పాత పుస్తకాల అంగడికి వెళ్ళి లావుపాటి హిందీ వ్యాకరణం ఒకటి కొన్నాడు. పదిహేను రోజులు భోజనం దగ్గర కూడా దాన్ని మూయలేదు. కుర్చీ స్త్రీలింగం, బల్ల స్త్రీలింగం, తలుపు పుల్లింగం అంటూ ఇల్లంతా తిరిగి ఒక్కొక్క సామానునీ పలకరించాడు.

క్లాసు మొదటిరోజున చౌబే సాబ్ సుద్దముక్క తీసుకుని, తేలికైన వాక్యంతో మొదలుపెడదామని బోర్డు మీద రాశారు: "దహీ ఖట్టీ హై." పెరుగు పుల్లగా ఉంది అని అర్థం. రాసి, వెనక్కి తిరిగి, "ఇందులో ఎవరికైనా సందేహం ఉందా?" అన్నారు.

వెనక వరసలో సత్తిరాజు సుందరరావు చొక్కా పట్టుకుని కిందికి లాగుతున్నాడు. అయినా అతని చెయ్యి లేచింది.

"సార్," అన్నాడు సుందరరావు ఎంతో వినయంగా, "దహీ పుల్లింగం. ఖట్టా అని ఉండాలి."