విప్పకూడని వస్తువు

ఖరీదైన వస్తువు పేరెత్తితే చాలు, మెకానిక్ ఒంటికాలి మీద లేచేవాడు. ముప్పై ఏళ్లుగా వాషింగ్ మెషీన్ల పొట్టలు విప్పి చూసిన మనిషి. పైన పేరు ఏదైతేనేం, లోపల అదే మోటారు, అదే పంపు. తలుపు చుట్టూ వెండిరంగు పట్టీ ఒకటి అంటించి రెట్టింపు ధర గుంజేవాణ్ణి దొంగ అనక ఇంకేమనాలని అతని వాదన.

ఆ వాదనకి బలయ్యేది బామ్మర్ది. ఫోన్ల షోరూమ్‌లో సేల్స్‌మన్. ప్రతి ఆదివారం అక్క ఇంట్లో భోజనానికి వచ్చి, ధరకి తగ్గ పనితనం ఉంటుంది బావా అని మొదలుపెట్టి, మజ్జిగ దాకా తిట్లు తిని పోయేవాడు. ఈమధ్య ఆ ఇంట్లో ఏ మాటైనా అరుపే. మామూలుగా మాట్లాడితే మెకానిక్ "ఏంటీ?" అంటాడు, రెండోసారి చెబితే అంత మెల్లగా గొణగడమేంటని కసురుతాడు.

అసలు సంగతి ఇంటావిడకి తెలుసు. ఇంటి బెల్లు నీరసించిందని ఆయన దాన్ని రెండుసార్లు విప్పి బాగుచేశాడు. రెండోసారి పక్కింటివాళ్లు వచ్చి, మీ బెల్లుకి మా పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తోందని మొత్తుకున్నారు. బెల్లుకి ఏ రోగమూ లేదు, ఉన్నదంతా ఆయన చెవికే. ఆ మాట ఆయనతో అనే ధైర్యమే ఎవరికీ లేదు.

ఎందుకంటే ఆయన అన్నం తినేది ఆ చెవితోనే. స్క్రూడ్రైవర్ మొనను తిరుగుతున్న మెషీనుకి ఆనించి, పిడిని ఎడమ చెవికి నొక్కిపెట్టి, పోయింది బేరింగో బెల్టో విప్పకుండానే చెప్పేసేవాడు. అలా చెప్పగలిగినవాడు ఊళ్లో ఇంకొకడు లేడు. అలాంటిది ఆయన బాగుచేసిన మెషీన్లు ఈ నెలలో రెండు తిరిగొచ్చాయి. పని పంపే దుకాణం యజమాని మొహమాటం లేకుండా చెప్పేశాడు: మూడోది తిరిగొస్తే ఇక నీకూ నాకూ చెల్లు. ఆ మూడో మెషీను ఇప్పుడు ముందుగదిలో, కొత్త బెల్టు వేయించుకుని, సాయంత్రం వచ్చే బండి కోసం సిద్ధంగా ఉంది.

అలాంటి ఆదివారం బామ్మర్ది చిన్న తెల్ల పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల చెవుల్లో పెట్టుకునేవి రెండు, గింజల్లా మెరుస్తున్నాయి.

"బావా, ఒక్కసారి పెట్టుకుని చూడు."

"ఎంత?"

వాడు నీళ్లు నమిలాడు. రెట్టించి అడిగితే చెప్పాడు. మెకానిక్ నెలన్నర సంపాదన.

"పాటలు వినడానికా? సిగ్గు లేదూ? బజారులో ఇందులో పదోవంతుకి దొరుకుతాయి."

"ముందు వాడు చెప్పేది వినండి," అంది ఇంటావిడ.

"ముప్పై ఏళ్ల నుంచి వింటున్నా ఈ కబుర్లు. ఇవాళ చెప్పడాల్లేవు, చూడటమే." కుడిచెవిది చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మెషీను ఆన్ చేసి వేడిగాలి పట్టించాడు. అతుకులోకి బ్లేడు దూర్చాడు. బామ్మర్ది ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయాడు. టక్కుమని విచ్చుకుంది. వెంట్రుకంత తీగ ఒకటి తెగి బ్లేడుకి అంటుకుంది.

"చూడు. బటాణీ గింజంత బ్యాటరీ. ఒక మైకు. ఒక స్పీకరు. మిగిలిందంతా జిగురు. ఒక్క స్క్రూ ఉందా? విప్పనియ్యని వస్తువు నీదెలా అవుతుందిరా? నీ డబ్బుతో నువ్వు అద్దెకి తెచ్చుకున్నట్టు."

గెలిచానన్న ఊపులో అతను బామ్మర్ది మొహం చూశాడు. వాడు చూపు దించుకున్నాడు.

"అవి మీకే," అంది ఇంటావిడ. ఆ రోజు ఆవిడ అరవలేదు. దగ్గరికొచ్చి, మొహంలో మొహం పెట్టి ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. "పాటలకి కాదు. మీ చెవికి ఎంత వినబడట్లేదో కొలిచి, అంత పెంచి వినిపిస్తాయట. నేనే వాణ్ణడిగాను. వాడు తన జీతంతో కొన్నాడు. మీరు విప్పి పారేశారు."

మెకానిక్‌కి తల తీసేసినట్టయింది. ఆ సిగ్గుతో ఊరుకుంటే బాగుండేది, కోపం వచ్చింది. నా చెవి సంగతి ఊరంతా చెప్పావా అని ఆవిడ మీద కోపం, వీడెవడు నాకు దానం చెయ్యడానికని వాడి మీద కోపం. విప్పినదాన్ని మళ్లీ మూయబోయాడు. తీగ అతకలేదు, మూత కూర్చోలేదు. ముప్పై ఏళ్లలో అతను విప్పి మూయలేకపోయిన వస్తువు అదొక్కటే.

"ఎడమది బాగానే ఉంది," అన్నాడు బామ్మర్ది.

వద్దని చెప్పేలోపే ఇంటావిడ దాన్ని తెచ్చి అతని చెవిలో పెట్టేసింది. బామ్మర్ది ఫోను పట్టుకుని, కూత వినబడినప్పుడల్లా తెర మీద నొక్కమన్నాడు. మెకానిక్ పళ్లు కొరుకుతూ నొక్కాడు. చాలా కూతలకి అతని వేలు కదలకపోవడం ఆ ఇద్దరూ చూశారు.

కొలత అయ్యి, బామ్మర్ది ఆ మేరకి శబ్దం పెంచి పెట్టాక అతను ఎవరి వంకా చూడకుండా ముందుగదిలోకి పోయి మూడో మెషీను ఆన్ చేశాడు. స్పిన్ అందుకుంది. స్క్రూడ్రైవర్ ఇంకా తియ్యనే లేదు. నిలబడ్డచోటికే వినబడింది, సన్నగా, ఇనుము ఇనుముని గీకుతున్న కూత. బేరింగు. పొద్దున ఇదే మెషీనుకి చెవి ఆనించి బెల్టని తేల్చింది తనే. తిరిగొచ్చిన ఆ రెండూ కూడా బేరింగులే అయివుంటాయి.

"గాడిదని," అన్నాడు. ఈసారి తిట్టుకుంది తనని తానే.

మెషీను ఆపి, వెనక రేకు ఊడదీసి, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. బండి రావడానికి ఇంకా రెండు గంటలుంది. బామ్మర్ది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ రెండోది విడిగా అమ్ముతారా?" స్పానర్ తిప్పుతూనే అడిగాడు మెకానిక్.

"అమ్ముతారు. జత ధరలో సగానికి పైనే తీసుకుంటారు."

"దొంగలు. విప్పితే చచ్చే వస్తువుకి అంత ధరా? రేపు పొద్దున్నే నన్ను తీసుకెళ్లు. డబ్బు నేనిస్తా. ఇచ్చేటప్పుడు ఆ దొంగమొహాన్నొకసారి చూడాలి."

"అయితే ఆ ధర పెట్టొచ్చంటావా, పెట్టకూడదంటావా బావా?" అలవాటు కొద్దీ గొంతు చించుకున్నాడు బామ్మర్ది.

మెకానిక్ తలెత్తి గుర్రుగా చూశాడు.

"పెట్టకూడదు. అలా అరవకు, వినబడుతోంది."